మా అన్న పేరు మీది బండి

పొరుగు రాష్ట్రం నంబరు ప్లేటుతో మన ఊళ్ళో కారు నడపడం ఎంత కష్టమో నన్ను అడగండి. మూడేళ్ళు నడిపాను. ఏ కాగితం ఎప్పుడు చెల్లకుండా పోతుందో, ఏ మలుపులో ఎవరు ఆపుతారో, ఆపితే మొహం ఎలా పెట్టాలో నాకు నోటికొచ్చు. పిల్లలకు ఎక్కాలు చెప్పే టీచరుకు అదొక అదనపు విద్య. ఆ బండిని చట్టప్రకారం రోడ్డు మీద ఉంచడానికి నేను చేసిన పని మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు, చెప్పుకునేంత మంచి పని కాదు గనుక.

నేను గూడూరు దగ్గర కోట అనే ఊళ్ళో ఉంటాను. వాకాడు అవతల, సముద్రం వైపు ఒక బడిలో పాఠాలు చెబుతాను. ఆ దారిలో బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. రొయ్యల మేత తీసుకుపోయే ఆటోల్లో, బస్తాల మధ్య మోకాళ్ళు ముడుచుకుని చాలా ఏళ్ళు పోయాను. దిగేసరికి చీరంతా మేత కంపు. అలాంటి రోజుల్లో మా అన్న తన కారు నాకిచ్చాడు.

అన్న గుమ్మిడిపూండి దగ్గర ఒక ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కాపురం ఆరంబాకం దాటాక, హైవేకి దగ్గర్లోనే. తడ దాటితే తమిళనాడు. మనకూ వాళ్ళకూ మధ్య గోడేమీ లేదు, ఒక బోర్డు ఉంటుంది, అంతే. మనుషులు అటూ ఇటూ పిల్లనిచ్చుకుంటారు, పాలు పోసుకుంటారు. బండికి మాత్రం అది వేరే దేశం. షుగరుతో అన్నకు చూపు మందగించింది. ఒక ఆదివారం స్నేహితుడి చేత నడిపించుకుని వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"నాకింక రోడ్డు ఆనడం లేదు పాపా. నువ్వు నడుపుకో. కాగితాలు నిదానంగా మార్చుకుందాం."

నాకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా అన్నకు నేను పాపనే.

బయటి రాష్ట్రం బండి ఇక్కడ ఏడాది వరకు తిరగొచ్చు. ఆ తర్వాత అక్కడి ఆఫీసు నుంచి ఎన్.ఓ.సి. తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి, మన నంబరు వేయించుకోవాలి. ప్రతి కాగితం మీదా ఓనరు సంతకం కావాలి. అన్న ఎప్పుడంటే అప్పుడు పెడతానన్నాడు. లైఫ్ టాక్సు తలుచుకున్నప్పుడల్లా నేనే వాయిదా వేశాను. ఈలోగా మా బడిలోనే ఒక మాస్టారు కిటుకు చెప్పాడు. "ఏడాది నిండేదాకా ఆగొద్దు మేడమ్. అప్పుడప్పుడూ తడ దాటి పోయి, అక్కడ డీజిలు కొట్టించుకుని బిల్లు దగ్గర పెట్టుకోండి. ఎవరైనా ఆపితే బండి మొన్ననే వచ్చిందని చూపించండి. మన పక్క సగం టి.ఎన్. బండ్లు ఇట్లనే బతుకుతుండాయి."

అలాగే చేశాను. రెండు మూడు నెలలకో ఆదివారం బయల్దేరడం, సూళ్ళూరుపేట టోల్ గేటు దాటడం, ఆరంబాకం దాటాక కనిపించే బంకులో డీజిలు కొట్టించడం, బిల్లు జాగ్రత్తగా మడిచి పెట్టుకోవడం. బంకు నుంచి అన్న ఇల్లు నడిచిపోయేంత దూరం. అన్న ఉన్నప్పుడు పోయి వరండాలో ఒక గంట కూర్చునేదాన్ని. లోపలికి పోయేదాన్ని కాదు. అన్నం తినేదాన్ని కాదు. "ఇంటి దగ్గర తిని వచ్చాను" అనేదాన్ని.

ఎందుకంటే లోపల మా వదిన ఉండేది.

మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. వదినది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. అన్న ఆమెను ఇష్టపడి ఏదో గుళ్ళో తాళి కట్టి ఇంటికి తీసుకొస్తే, మా అమ్మ ఆమెకు వసారాలో విస్తరి వేసింది. అప్పుడు నేను బి.ఇడి. చదువుతున్నాను. వసారాలో వేసింది అమ్మే గానీ, "ఆ విస్తరి దూరంగా పారెయ్యి" అన్నది నేను. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని ఇల్లు మాది. చేపను ఇంట్లోకి రానిస్తాం, పట్టినవాళ్ళను రానివ్వం. అన్న ఆ సాయంత్రమే ఆమెను తీసుకుని తడ దాటి పోయాడు. మళ్ళీ మా ఇంట్లో పడుకోలేదు. అమ్మా నాన్నా పోయాక నేనైనా మారి ఉండొచ్చు. మారలేదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఆ అర్ధభాగం అధికారాన్ని నేను పూర్తిగా వాడుకున్నాను.

కారు ఇచ్చిన ఏడాది లోపలే అన్న పోయాడు. కిడ్నీలు పాడై, ఆస్పత్రిలో. నేను పొద్దున పోయి, మధ్యాహ్నం దహనం కాగానే బయల్దేరాను. బయల్దేరే ముందు వదినను పక్కకు పిలిచి అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "బండికి రెండో తాళంచెవి ఉండాలి, యాడుంది వదినా?" అన్నాను. తలమీద నీళ్ళు పోసుకున్న తడి జుట్టుతోనే ఆమె బీరువా తెరిచి, వెతికి ఇచ్చింది. ఇన్సూరెన్సు కాగితం కూడా అడిగాను. అది కూడా ఇచ్చింది.

రెండు నెలల తర్వాత ఆమె ఫోన్ చేసింది. అన్న నంబరు నుంచే.

"పాపా, ఫ్యాక్టరీవాళ్ళు పెన్షనుకి వారసుల సర్టిఫికెట్ అడుగుతుండారు. మా పెళ్ళి రిజిస్టరు కాలేదు గదా. ఆయన పేరు ఇంకా మీ ఊరి రేషను కార్డులోనే ఉండాది. ఇక్కడ ఆఫీసులో ఒప్పుకోలేదు. తోడబుట్టినోళ్ళు ఎవురన్నా 'ఈమె మా అన్న భార్య' అని రాసి సంతకం పెట్టి ఇయ్యాలంట. నువ్వే గదా ఉండేది."

ఒక్క వాక్యం. రెండు పీరియడ్ల మధ్య రాసి ఇచ్చేంత పని. "చూస్తాలే వదినా" అన్నాను. రెండేళ్ళు చూశాను.

కారణం బండి. ఆమె వారసురాలని తేలిందంటే ఆ కారు ఆమెది. అప్పుడు నేను ఆమె వాకిట్లో నిలబడి అడుక్కోవాలి. ఆమె ఇవ్వదని కాదు. అడగడమే నాకు చేతకాలేదు. దానికంటే లోపల ఇంకోటి ఉంది, అదీ చెబుతాను. 'మా అన్న భార్య' అని స్టాంపు కాగితం మీద నా చేత్తో రాస్తే, పాతికేళ్ళ కిందట నేను పారేయించిన విస్తరిని నేనే పోయి ఏరుకున్నట్టు అనిపించింది.

కాబట్టి బండి కాగితాల్లో మా అన్న చావడానికి వీల్లేదు. ఓనరు పోతే ఆఫీసుకు తెలియజేయాలి, వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. నేను తెలియజేయలేదు. ఆస్పత్రి రికార్డులో పోయిన మనిషి బండి రికార్డులో బతికి ఉండొచ్చు. మన దేశంలో అదొక వసతి. ప్రతి ఏడూ మా అన్న ఇన్సూరెన్సు కట్టాడు. ఆర్నెల్లకోసారి పొల్యూషన్ పరీక్ష చేయించాడు. బతికున్నప్పుడు కూడా కాగితాల విషయంలో అన్న అంత బుద్ధిమంతుడు కాదు.

పొల్యూషన్ పరీక్ష దగ్గరే చిక్కు వచ్చింది. గూడూరు రోడ్డులో ఒక పొల్యూషన్ వ్యాను ఉంటుంది. వ్యాను అతను పొగగొట్టంలో పైపు పెట్టి, కంప్యూటరు చూసి, "ఓనరు ఫోనుకు ఓటీపీ పోయింది మేడమ్. చెప్పండి" అన్నాడు. సరే, చూద్దామని అన్న నంబరు కొట్టాను. రెండు రింగులకే వదిన ఎత్తింది.

"చెప్పు పాపా."

అన్న ఫోనును ఆమె అన్నాళ్ళూ చార్జింగు పెట్టి, రీచార్జి చేయించి, అలాగే ఉంచింది.

"వదినా, ఆ ఫోనుకు ఇప్పుడొక నంబరు వచ్చుంటది. చదువు."

తమిళ బడిలో చదివిన మనిషి. ఒక్కో అంకెనూ లోపల తెలుగులోకి మార్చుకుంటూ నెమ్మదిగా చెప్పింది. చెప్పి, "పాపా, నా కాగితం సంగతి..." అంది. "సిగ్నల్ లేదు వదినా" అని పెట్టేశాను. సిగ్నల్ నిండుగా ఉంది.

ఆర్నెల్లకోసారి ఇదే. బాగున్నావా అని కూడా అడిగేదాన్ని కాదు. అడిగితే కాగితం మాట వస్తుంది. మధ్యలో ఆమె పులికాట్ సంతలో ఎండుచేపలు అమ్ముతోందని మా చుట్టం ఒకామె చూసి వచ్చి చెప్పింది. పెన్షను లేక అమ్ముతోందని నాకు తెలుసు. "వాళ్ళకు అలవాటేగా" అన్నాను.

అన్న పోయాక కూడా డీజిలు బిల్లు కోసం తడ దాటుతూనే ఉన్నాను. బంకులో డీజిలు కొట్టించుకుని, పక్కన టీ తాగి, బండి తిప్పుకుని వచ్చేసేదాన్ని. ఆ ఇంటి వైపు చూసేదాన్ని కూడా కాదు.

పోయిన ఏడు వర్షాలు మొదలయ్యే ముందు, ఒక పొద్దున బడికి పోతుంటే, వాకాడు రోడ్డెక్కే చోట బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపాడు. సి బుక్కు చూశాడు, ఇన్సూరెన్సు చూశాడు, పొల్యూషన్ చూశాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి. డీజిలు బిల్లు తీసి అడక్కుండానే చేతికిచ్చాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆయన నవ్వాడు. "ఈ బండిని నేను రెండేళ్ళుగా ఈ రోడ్డు మీదనే చూస్తుండా మేడమ్. ఓనరెవరు?"

"మా అన్న సార్. ఆరంబాకం దగ్గర ఉంటాడు."

"ఫోన్ కొట్టండి. స్పీకర్లో పెట్టండి. నేను మాట్లాడతా."

కొట్టక తప్పలేదు. ఎత్తకూడదని మొక్కుకున్నాను. ఎత్తింది.

"చెప్పు పాపా."

"ఓనరు లేడామ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె 'పోయినాడు' అంటే నా పని అయిపోయినట్టే. అనడానికి ఆమెకు హక్కు ఉంది, కారణమూ ఉంది.

"పనికి పోయినాడు సార్" అంది. "ఫోను ఇంట్లో పెట్టి పోయినాడు."

"ఎప్పుడొస్తాడు?"

"సాయంత్రానికి వచ్చేస్తాడు సార్."

"నువ్వెవరమ్మా? ఆయన భార్యవా?"

ఆమె నోరు తెరిచేలోపల నేనే అన్నాను. "కాదు సార్. పనిమనిషి."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారడం కాదు. ఆ క్షణంలో నా బుర్ర చాలా చురుగ్గా పనిచేసింది. భార్య అంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఆయన ఏ ఫ్యాక్టరీ, ఇంకో ఫోను లేదా, ఫోటో పంపు అంటాడు. పనిమనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఇదంతా లెక్కవేసుకునే అన్నాను.

ఫోనులోంచి ఆమె గొంతు వచ్చింది. "అవును సార్. పనిమనిషిని. ఆయన రాగానే చెప్తాను."

ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. "టీచరుగారు కాబట్టి వదిలేస్తుండా. తొందరగా మన నంబరు వేయించుకోండి" అన్నాడు. బండి కదిలాక నాకు మొదట కలిగింది సిగ్గు కాదు, హాయి. పాట కూడా పెట్టుకున్నాను. బడికి పోయి, భిన్నాల లెక్కలు చెప్పి, మధ్యాహ్న భోజనంలో గుడ్డు తిన్నాను.

సిగ్గు తర్వాత వచ్చింది, మెల్లగా. ఆమె ఫోన్ చేసి తిడుతుందని చూశాను. తిడితే నేనూ నాలుగు మాటలని సరిపెట్టుకునేదాన్ని. ఆమె చేయలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఎవరైనా "ఎవరండీ?" అని అడిగితే చాలు, నాకు నా గొంతే వినిపించేది. ఎనిమిదో రోజు గూడూరు పోయి స్టాంపు కాగితం కొన్నాను. రాయడానికి పావుగంట పట్టింది. రెండేళ్ళు ఆపింది ఆ పావుగంట పనినే.

ఆదివారం పొద్దున పోయాను. ఈసారి బంకు దగ్గర ఆగలేదు. వదిన వాకిట్లో గోనెపట్టా మీద ఎండుచేపలు పరిచి, చిన్నవీ పెద్దవీ వేరు చేస్తోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మనలేదు. నేనే పోయి గట్టు మీద కూర్చున్నాను.

"తొమ్మిదింబావుకి టోల్ గేటు దాటినావు" అంది చేపల మీద నుంచి చూపు తిప్పకుండా.

నాకు అర్థం కాలేదు. అద్దానికి అతికించిన ఫాస్టాగు అన్న తీసుకున్నది. అన్న నంబరుకు ముడిపడి ఉంది. బండి టోల్ గేటు దాటిన ప్రతిసారీ ఆ ఫోనుకు మెసేజ్ పోతుంది. ఆ మాట ఆమె చెప్పేదాకా నాకు తట్టలేదు.

"ప్రతిసారీ వచ్చేదా?"

"వచ్చేది. ఈ పక్కకి దాటినావని రాగానే, నువ్వు వస్తుండావని అన్నం పొయ్యి మీద పెట్టేదాన్ని. ఒక గంటన్నరకి మళ్ళా వచ్చేది, తిరిగి పోతుండావని. అప్పుడు నేను తినేదాన్ని." ఒక చేపను తీసి పక్కకు వేసింది. "ఈ పొద్దు పెట్టలేదు."

నేను ఎన్నిసార్లు ఆ గేటు దాటానో నాకు తెలుసు. సంచీలోంచి కాగితం తీసి ఇచ్చాను. కథల్లో అయితే దాన్ని చించి నా మొహాన కొట్టాలి. ఆమె కొట్టలేదు. ఆమెకు ఆ కాగితం కావాలి. లేచి, చేతులు సబ్బుతో కడుక్కుని, చీరకొంగుకు తుడుచుకుని తీసుకుంది. "నాకు తెలుగు చదవను రాదు. చదువు" అని మళ్ళీ నాకే ఇచ్చింది.

చదివాను. "...ఈమె నా అన్నగారికి ధర్మపత్ని అనియు, ఈ సంగతి మా కుటుంబమునందు అందరికీ తెలుసుననియు..."

"ఎవురికి తెలుసు?" అంది.

నేను కాగితం మీంచి తలెత్తాను.

"కాదు, అడుగుతుండా. మీ ఇంట్లో ఎవురికి తెలుసు?"

కిందిదాకా చదివేసి ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకుపోయి, పెట్టెలో పెట్టి వచ్చింది. "తప్పయిపోయింది వదినా" అన్నాను. నిజంగానే ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు.

"సాయంత్రానికి వచ్చేస్తాడని నా నోటితో నేనే చెప్పినా గదా ఆ సారుకి" అంది. "చెప్పినాక ఏమయిందో ఏమో, పొద్దు గూకేదాకా వాకిట్లోనే కూర్చోనుండా. రాడని తెల్దా నాకు? అయినా కూర్చోనుండా. నువ్వు అన్న మాటకి నాకేం బాధ లేదు. మీ ఇంట్లో అంతకంటే పెద్ద మాట ఎప్పుడో పడినా. ఆ సాయంత్రం ఉండాదే, అది నువ్వు నాకు చేసినావు."

తర్వాత ఆమె చేపల పనిలో పడిపోయింది. ఉండమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

నేను రెండేళ్ళు ఆపిన సర్టిఫికెట్టు రెండు వారాల్లో వచ్చింది. ఆ సంగతి ఆమే ఫోన్ చేసి చెప్పింది. ఈసారి అన్న నంబరు నుంచి కాదు, ఏదో కొత్త నంబరు నుంచి. "బండి కాగితాలకి నేను ఎప్పుడు రావాలో చెప్పండి" అంది. బండి నాకు అక్కర్లేదు, అమ్ముకో వదినా, అన్నాను. "ఆయన మీకిచ్చినాడు. ఆయన ఇచ్చింది నేను ఎనక్కి తీసుకోను" అంది. కావాలంటే ఆ మాటను మంచితనం అనుకోవచ్చు. నాకు మాత్రం తలుపు మూసిన చప్పుడే వినిపించింది.

చెప్పిన రోజు చెప్పిన వేళకు వచ్చింది. తమిళనాడు వైపు ఆఫీసు. ఉతికిన చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో చావు సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు, ఆధారు, రెండు ఫోటోలు. నేను కాఫీ తాగుదామంటే తాగి వచ్చానంది. వరసలో నా వెనక నిలబడింది. కిటికీ దగ్గర క్లర్కు ఫారాలు తిప్పి చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, నన్ను తమిళంలో అడిగాడు. బండి ఇస్తున్న ఈమె మీకు ఏమవుతుంది అని. ఆ మాత్రం తమిళం నాకూ వచ్చు. 'వదిన' అనడానికి నోరు తెరిచాను. ఈసారి ఆమె ముందు అంది.

"నేను ఆయన భార్యను సార్. ఈమెకు ఏమీ కాను."

క్లర్కు తలెత్తకుండా ఆ మాటే రాసుకుని, ఫారం నా వైపు తోశాడు. ఆమె రాయించిన దాని కింద నేను సంతకం పెట్టాను.